మూతి వంకరపోతే: మొదటి మూడు రోజుల తొందర, ఆ తర్వాతి నెలల నిదానం

ఆ రోజు పొద్దున పుక్కిలించబోతే నోట్లో నీళ్లు నిలవలేదు. కుడిపక్క పెదవి చివర నుంచి సన్నటి ధారగా అద్దం మీదికి చిమ్మాయి. నవ్వొచ్చింది. అద్దంలో సగం మొహమే నవ్వింది.

అప్పటికి నాలుగు రోజులుగా కుడి చెవిలో ఒకటే పోటు. చూపిస్తే చెవిలో ఇన్ఫెక్షన్ అని చుక్కల మందు ఇచ్చారు. వేసుకుంటూ కూర్చున్నాను. మూతి వంకరపోయిన రోజు మా అమ్మాయి ఫోన్ లైటు వేసి చెవి లోపలికి చూసి, "అమ్మా, ఇక్కడ ఆవగింజలంత నీటి పొక్కులున్నాయి, నాలుగైదు" అంది. ఆ మాటే నా వైద్యాన్ని మలుపు తిప్పింది. మధ్యాహ్నానికి డాక్టర్ ముందున్నాను, రాత్రికి మొదటి మాత్ర పడింది. నాకు వచ్చినదాని పేరు రామ్‌సే హంట్ సిండ్రోమ్. అప్పుడు నా వయసు 47. బడిలో తెలుగు చెబుతాను. రెండేళ్లు గడిచాయి.

అప్పటి నుంచి తెలిసినవాళ్లలో ఎవరికి మూతి వంకరపోయినా ఫోను నాకే వస్తుంది. నేను డాక్టర్‌ని కాను. మందు ఎంత వేసుకోవాలో చెప్పను. కానీ ఈ ఫోన్లలో ఒకటే తిరకాసు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పరుగెత్తాల్సిన మూడు రోజులూ "చూద్దాంలే, అదే తగ్గుతుంది" అని కూర్చుంటారు. కూర్చోవాల్సిన మూడు నెలలూ మొహంతో కసరత్తు చేయిస్తారు. నేను కూడా రెండూ చేశాను. ఫోన్లో ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు, మెదడుకు వచ్చిన పక్షవాతమా కాదా

మూతి ఒక పక్కకు లాగేసిందంటే మొదట రావాల్సిన అనుమానం మెదడు పక్షవాతమే. రెండు చేతులూ ముందుకు చాచి పట్టుకోమనండి, ఒకటి కిందికి జారుతోందా? మాట ముద్దగా వస్తోందా, లేక మాటలే తడబడుతున్నాయా? నడకలో ఒక పక్కకు ఒరుగుతున్నారా? చూపు రెండుగా కనిపిస్తోందా? ఒక కాలో చెయ్యో మొద్దుబారిందా? వీటిలో ఏ ఒక్కటున్నా ఇక చదవడం ఆపి అంబులెన్స్ పిలవండి. అక్కడ లెక్క రోజుల్లో కాదు, నిమిషాల్లో.

నుదురు సంగతి చాలామంది విని ఉంటారు. కనుబొమలు పైకెత్తమంటే రెండు పక్కలా నుదుటి మీద ముడతలు పడుతూ, కింద మూతి మాత్రమే వంకరగా ఉంటే మెదడు పక్షవాతం అని అనుమానించాలి. నుదుటికి మెదడు రెండు సగాల నుంచీ సంకేతాలు అందుతాయి. ఒక సగం దెబ్బతిన్నా రెండోది పని నడిపిస్తుంది. మొహానికి వచ్చే నరమే దెబ్బతింటే ఆ పక్క నుదురు కూడా నున్నగా, ఇస్త్రీ చేసినట్టు అయిపోతుంది. నాకు అలాగే అయింది. అయినా ఈ పరీక్షను నమ్ముకుని ఇంట్లో ఉండిపోవద్దు. తేల్చడం ఆసుపత్రి పని. మనం చూసేది ఎంత వేగంగా వెళ్లాలో తెలుసుకోవడానికే.

లోపల జరిగేది

మొహం కండరాలను కదిలించేది ఏడో కపాల నరం. చెవి వెనక ఎముకలో ఒక సన్నటి సొరంగం గుండా బయటికి వస్తుంది. ఆ సొరంగం అన్నిటికంటే ఇరుకైన చోట ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. వైరస్ వల్ల నరం వాస్తే అది పక్కలకు ఉబ్బే చోటే లేదు, చుట్టూ ఎముక. వాపు నరాన్నే నొక్కేస్తుంది. సంకేతం ఆగిపోతుంది.

ఈ నరం మోసేది మొహం కదలికలను మాత్రమే కాదు. నాలుక ముందు భాగం రుచి దీని పనే, కన్నీటి గ్రంథికి కబురు దీని పనే, పెద్ద శబ్దాలను తగ్గించే చెవిలోని చిన్న కండరం కూడా దీని కిందే ఉంది. అందుకే ఒక పక్క నాలుకకు రుచి తెలియకపోవడం, గిన్నె కింద పడితే చెవిలో బాంబు పేలినట్టు ఉండటం మామూలే. వీటిని చూసి కంగారు పడవద్దు, కానీ డాక్టర్‌కి చెప్పండి.

ఎక్కువమందికి వచ్చేది బెల్స్ పాల్సీ. చార్లెస్ బెల్ అనే స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు 1821లో ఈ నరం గురించి రాశాడు, ఆయన పేరే నిలిచిపోయింది. పెదవి మీద జ్వరపు పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ మళ్లీ లేవడమే దీనికి కారణం కావచ్చని బలమైన అనుమానం. రెండోది నాకు వచ్చింది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్ ఒళ్లు వదిలి పోదు, నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. అది నడుం మీదో ఛాతీ మీదో లేస్తే సర్పి అంటాం. మొహం నరం మొదట్లో లేస్తే రామ్‌సే హంట్. జేమ్స్ రామ్‌సే హంట్ అనే అమెరికా నరాల వైద్యుడు 1907లో దీన్ని వివరించాడు. 2022 జూన్‌లో గాయకుడు జస్టిన్ బీబర్ తన సగం మొహం కదలడం లేదని వీడియో పెట్టాక ఈ పేరు జనానికి తెలిసింది.

రెండింటికీ తేడా పట్టించేవి మూడు: చెవిలో భరించలేని పోటు, చెవి దొప్పలోనో చెవి రంధ్రంలోనో నీటి పొక్కులు, తల తిరగడం లేదా వినికిడి తగ్గడం. పొక్కులు ముందే రావచ్చు, మూతి వంకరపోయిన తర్వాతా రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. నోట్లో, అంగిట్లో కూడా చూడండి. మొదటి రోజు డాక్టర్ చెవిలో చూసి ఏమీ లేదన్నా, ఇంట్లో వారం రోజులు పొద్దునా రాత్రీ లైటు వేసి చూడమని చెబుతాను. కనిపిస్తే ఆ రోజే మళ్లీ వెళ్లాలి, మందు మారుతుంది.

చల్లగాలి తగిలి ఇలా అయిందని మీకు కనీసం పదిమంది చెబుతారు. తల ఊపేసి పని చూసుకోండి.

మూడు రోజుల లెక్క

బెల్స్ పాల్సీకి అసలు మందు స్టెరాయిడ్, సాధారణంగా ప్రెడ్నిసొలోన్. వాపు తగ్గించి నరం మీద ఒత్తిడి తీయడం దాని పని. మొదలైన 72 గంటల లోపే పడాలి. 2007లో స్కాట్లాండ్‌లో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. ఆ గడువులో ప్రెడ్నిసొలోన్ వాడినవాళ్లలో తొమ్మిది నెలలకు 94 శాతం మందికి మొహం పూర్తిగా మామూలైంది. వాడనివాళ్లలో 82 శాతం మందికి. అంటే మందు లేకుండా కూడా ఎక్కువమందికి తగ్గుతుంది, నిజమే. "ఏమీ వాడకుండానే తగ్గింది" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ మిగిలిన కొద్దిమందిలో మీరు ఉంటారో ఉండరో మూడో రోజున ఎవరికీ తెలియదు. అదే పరీక్షలో యాసిక్లోవిర్ అనే వైరస్ మందు ఒక్కటే వాడితే లాభం కనబడలేదు. మొహం బొత్తిగా కదలనివాళ్లకు కొందరు డాక్టర్లు స్టెరాయిడ్‌తో కలిపి ఇస్తారు.

రామ్‌సే హంట్‌లో అలా కాదు, వైరస్ మందూ స్టెరాయిడూ రెండూ కావాలి. ఎనభై మంది రోగుల మీద 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో మూడు రోజుల లోపు మందు మొదలైనవాళ్లలో 75 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. వారం దాటాక మొదలుపెట్టినవాళ్లలో సుమారు 30 శాతం మందే. ఈ అంకెలు నేను తర్వాత చదివాను. ముందే చదివి ఉంటే ఆ చెవి పోటు రోజుల్లో చుక్కల మందు వేసుకుని నిద్రపోయేదాన్ని కాదు.

నాకు రాసింది వాలాసైక్లోవిర్ అనే వైరస్ మందు 1000 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు ఏడు రోజులు, ప్రెడ్నిసొలోన్ 60 మిల్లీగ్రాములు ఐదు రోజులు, ఆపైన రోజుకు పది చొప్పున తగ్గించుకుంటూ రావడం. ఇది నా చీటీ, మీది కాదు. కిడ్నీలు బాగా లేనివాళ్లకు వైరస్ మందు మోతాదు తగ్గించాలి. షుగర్, బీపీ, కడుపులో పుండు, గర్భం, గ్లకోమా, పాత క్షయ, వీటిలో ఏదున్నా డాక్టర్ అడగకపోయినా మీరే నోరు విప్పి చెప్పండి. నాకు షుగర్ అంచున ఉండేది. స్టెరాయిడ్ వాడిన రోజుల్లో ఇంట్లోనే చూసుకుంటే అంకె ఎక్కడికో వెళ్లింది, డాక్టర్‌కి ఫోను చేసి కొన్నాళ్లు వేరే మాత్ర వేసుకోవాల్సి వచ్చింది. షుగర్ ఉంది కదా అని స్టెరాయిడ్ మానేయడం ఒక తప్పు, షుగర్ చూసుకోకుండా మింగడం ఇంకో తప్పు.

మాత్ర పొద్దున్నే, ఏదైనా తిన్నాక వేసుకోండి. రాత్రి వేసుకుంటే తెల్లవార్లూ కళ్లప్పగించి చూస్తూ ఉంటారు. వైరస్ మందు వాడే రోజుల్లో నీళ్లు బాగా తాగాలి. ఇక ఒక విషయం ముందే తెలుసుకోండి: మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో మొహం ఇంకా పడిపోవచ్చు. మొదటి రోజు కొంచెం కదిలిన నా కనుబొమ మూడో రోజుకు పూర్తిగా ఆగింది. మందు పనిచేయడం లేదని మానేయబోయాను. అది జబ్బు నడక. దానికి మందును తప్పుపట్టవద్దు.

పొక్కులు ఉన్నన్నాళ్లూ వాటిలోని నీటిలో వైరస్ ఉంటుంది. అది తగిలితే ఆటలమ్మ ఎప్పుడూ రానివాళ్లకు ఆటలమ్మ రావచ్చు. మా చెల్లెలి కోడలు అప్పుడు ఏడో నెల గర్భవతి. పొక్కులు మాడి పెచ్చు కట్టేదాకా తనను రావద్దన్నాను. చంటిపిల్లలు, కేన్సర్ మందులు వాడేవాళ్లు కూడా దూరంగా ఉండాలి.

కన్ను

మూతి గురించి అందరూ అడుగుతారు, కన్ను గురించి ఎవరూ అడగరు. నన్నడిగితే ఈ జబ్బులో అన్నిటికంటే పెద్ద ప్రమాదం కన్నుకే. మూతి నెలల తర్వాతైనా తిరిగి రావచ్చు, నల్లగుడ్డు మీద మచ్చ పడితే చూపు తిరిగి రాకపోవచ్చు.

రెప్ప మూతపడదు కనుక కన్ను ఎండిపోతుంది. మూయడానికి ప్రయత్నిస్తే గుడ్డు పైకి తిరిగి తెల్లగుడ్డే కనిపిస్తుంది. మొదటి రాత్రి మా ఆయన అది చూసి హడలిపోయారు. అది మంచిదే, నల్లగుడ్డు పై రెప్ప కింద దాక్కుంటుంది. అయినా ఆ రక్షణ చాలదు.

పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు, గంటకోసారి. ఇన్ని సార్లు వేయాలి కనుక ప్రిజర్వేటివ్, అంటే మందు పాడవకుండా కలిపే రసాయనం, లేని రకం అడగండి. ప్రిజర్వేటివ్ ఉన్నది రోజుకు పదిసార్లు పడితే ఆ మందే కన్నును మండిస్తుంది. మంట వచ్చాక వేద్దాంలే అనుకోవద్దు. నేను ఫోన్లో గంటగంటకూ అలారం పెట్టుకున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలకు అది అలవాటైపోయి, మోగగానే "టీచర్, చుక్కలు" అని అరిచేవాళ్లు. చుక్కలు లేని సమయంలో వేలి వెనక భాగంతో పై రెప్పను మెల్లగా కిందికి దించి, ఒక క్షణం ఆపి వదలండి. చేత్తో రెప్ప వేయడమన్నమాట. చేతులు కడుక్కునే చేయాలి.

బయటికి వెళ్తే పక్కలు కూడా మూసే కళ్లజోడు పెట్టుకోండి. ఫ్యాన్ గాలి, ఏసీ గాలి మొహం మీదికి నేరుగా రానివ్వొద్దు. తలస్నానం చేసేటప్పుడు ఆ కన్నును చేత్తో మూసి పట్టుకోవాలి, సబ్బు నురగ వస్తే రెప్ప అడ్డుపడదు. కాంటాక్ట్ లెన్సులు మానేయండి.

రాత్రి సంగతి వేరు. నిద్రపోయే ముందు చిక్కటి కంటి ఆయింట్‌మెంట్ కింది రెప్ప లోపల ఒక సన్నటి గీతలా వేసుకోవాలి. చూపు మసకబారుతుంది, పడుకునేటప్పుడు పర్వాలేదు. తర్వాత టేపు.

ఈ టేపు దగ్గర నేను చేసిన తప్పు చెబుతాను. మొదట కన్ను మీద దూది పెట్టి దానిమీద టేపు అంటించుకున్నాను. రాత్రి నిద్రలో దూది కింద కన్ను తెరుచుకుంది. దూది రాత్రంతా నల్లగుడ్డును గీరింది. పొద్దున ఎర్రగా, ఇసుక పోసినట్టు మంట. కంటి డాక్టర్ నారింజ రంగు మందు చుక్క వేసి నీలం లైటు కింద చూస్తే గీత పచ్చగా మెరిసింది. అదృష్టం బాగుండి పైపొర మీదే ఉంది, నాలుగు రోజుల్లో మానింది.

సరైన పద్ధతి ఇది. ఆయింట్‌మెంట్ వేసుకున్నాక రెప్ప చుట్టూ జిడ్డు తుడవండి, లేకపోతే టేపు అంటదు. చర్మానికి వాడే మెత్తటి కాగితం టేపు తీసుకోండి. పై రెప్పను వేలితో పూర్తిగా కిందికి దించి పట్టుకుని, రెప్ప మీద నుంచి చెంప ఎముక దాకా కొంచెం ఏటవాలుగా అంటించండి. టేపు బంక నల్లగుడ్డుకు తగలకూడదు. అంటించాక ఇంకొకరిని చూడమనండి, సన్నటి సందు కూడా ఉండకూడదు. పొద్దున తీసేటప్పుడు తడిపి మెల్లగా తీయాలి, లేకపోతే వెంట్రుకలు ఊడొస్తాయి. టేపుతో ఎంతకీ కుదరకపోతే కంటి చుట్టూ తేమ నిలిపే పారదర్శక కప్పులు దొరుకుతాయి, కంటి డాక్టర్‌ని అడగండి.

కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇంకో మాట. బాగా ఎండిన కన్ను కొన్నిసార్లు ధారగా నీరు కారుస్తుంది. "నీళ్లు కారుతున్నాయి కదా, చుక్కలెందుకు" అని మానేస్తారు. మానొద్దు.

నోరు

కుడి బుగ్గ ఖాళీ సంచిలా వేలాడేది. తిన్నది అందులో చేరి ఎక్కడుందో కూడా తెలిసేది కాదు. మంచిపక్కే నమలండి, తిన్న ప్రతిసారీ బుగ్గలోకి వేలు పెట్టి తుడిచి, నీళ్లతో పుక్కిలించండి. అది మానేస్తే ఆ పక్క పళ్లు పాడవచ్చు. తాగేటప్పుడు చిన్న గ్లాసు, గడ్డం కొంచెం కిందికి, పడిపోయిన పక్క పెదవులను రెండు వేళ్లతో మూసి పట్టుకోవడం. వేడివేడి పానీయాలు వద్దు.

మాట దగ్గర నాకు వింత శిక్ష పడింది. ప ఫ బ భ మ, వీటిని ఓష్ఠ్యాలంటారని పాతికేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. ఆ ఐదూ నా నోట ఆగిపోయాయి. "పాప" అంటే గాలి వచ్చేది. పెదవులు తగలని అక్షరాలతోనే కావ్యాలు రాసిన కవులున్నారు, నిరోష్ఠ్యం అంటాం. ఆ పాఠం చెప్పేటప్పుడు ఇదేం సరదా అనుకునేదాన్ని. మూడు నెలలు నా హాజరు పట్టీయే నిరోష్ఠ్యం అయిపోయింది. పనికొచ్చిన ఉపాయం ఒకటే, పడిపోయిన పక్క బుగ్గను అరచేత్తో కొంచెం పైకి ఎత్తి పట్టుకుని నిదానంగా మాట్లాడటం. అక్షరాలు చాలావరకు తిరిగొస్తాయి, మంచిపక్క లాగేయడమూ తగ్గుతుంది. ఫోన్లో మాట్లాడేటప్పుడు చెయ్యి ఎలాగూ బుగ్గ దగ్గరే ఉంటుంది కనుక ఎవరికీ తెలియదు.

క్లాసులోకి వెళ్లిన మొదటి రోజే చెప్పేశాను: "నాకు మొహం నరం వాచింది, అంటుకోదు, తగ్గడానికి నెలలు పడుతుంది, నా మాట అర్థం కాకపోతే అడగండి." పొక్కులు ఎండాకే వెళ్లాను కనుక అంటుకోదన్నది నిజమే. పిల్లలు రెండో రోజుకు మర్చిపోయారు. పెద్దవాళ్లే నెలల తరబడి జాలిగా చూశారు.

వ్యాయామం పేరుతో జరిగేది

ఇక్కడే అందరూ పరుగెత్తుతారు. నాకూ బెలూన్లు ఊదమని చెప్పినవాళ్లున్నారు, బబుల్‌గమ్ నమలమన్నవాళ్లున్నారు, అద్దం ముందు నిలబడి బలమంతా పెట్టి రోజుకు వందసార్లు కన్ను మూయమన్నవాళ్లున్నారు. మూడు వారాలు చేశాను.

బబుల్‌గమ్ సంగతి మొదట తేల్చేస్తాను. నమిలే కండరాలను నడిపేది ఐదో నరం, ఏడోది కాదు. ఎంత నమిలినా పడిపోయిన నరానికి చేరేది ఏమీ లేదు. బెలూన్ ఊదితే, బలమంతా పెడితే అంతకంటే చెడ్డ పని జరుగుతుంది. దెబ్బతిన్న నరం పోగులు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతాయి. పెరిగే దారిలో కొన్ని తప్పుతాయి. కంటికి వెళ్లాల్సిన పోగు మూతికి చేరుతుంది, మూతికి వెళ్లాల్సింది కంటికి చేరుతుంది. వంటింట్లో స్విచ్ వేస్తే వరండాలో లైటు వెలిగినట్టు, నవ్వితే కన్ను మూసుకుంటుంది, కన్ను మూస్తే మూతి లాగుతుంది. దీన్ని సింకైనేసిస్ అంటారు. మొహమంతా ఒక్కసారిగా బిగించే వ్యాయామాలు ఈ తప్పు జతలకే సాధన చేయిస్తాయని నా ఫిజియోథెరపిస్ట్ చెప్పారు.

కండరాలకు కరెంటు పెట్టించుకోవడం గురించి కూడా అడుగుతారు. దానివల్ల త్వరగా కోలుకుంటారని గట్టి రుజువు లేదు, తప్పు జతలు పెరుగుతాయని చాలామంది నిపుణుల భయం. నేను వద్దన్నాను.

నేను తర్వాత చేసింది రెండు దశలు. మొహం ఏమాత్రం కదలనన్నాళ్లూ వ్యాయామం లేదు. చెంపను, పెదవి చుట్టూ, కనుబొమ పైన వేళ్లతో మెల్లగా మర్దన, రోజుకు రెండుసార్లు, ఐదు నిమిషాలు. పై రెప్పను వేలితో కిందికి సాగదీయడం. మంచిపక్క మరీ బిగుసుకుపోతుంది, దానికీ మర్దన కావాలి. అంతే.

ఐదో వారంలో ఒక రోజు పళ్లు తోముకుంటుంటే కుడి పెదవి చివర సన్నగా అదిరింది. బెల్స్ పాల్సీలో చాలామందికి మూడు వారాల లోపే ఇలాంటి కదలిక మొదలవుతుంది, రామ్‌సే హంట్‌లో ఆలస్యం. కదలిక వచ్చాక రెండో దశ. అద్దం ముందు కూర్చుని, రెండు పక్కలూ సమానంగా ఉన్నంతవరకే చిన్న నవ్వు. చెడ్డపక్క ఎంత కదిలితే మంచిపక్క కూడా అంతే కదలాలి, ఎక్కువ లాగితే వేలితో ఆపాలి. నవ్వుతున్నప్పుడు కన్ను చూసుకోవాలి. అది చిన్నదవడం మొదలైతే అక్కడే ఆపి, మళ్లీ అంతకంటే చిన్న కదలిక. ఒక్కో కదలిక ఐదుసార్లు, నెమ్మదిగా, రోజుకు రెండు మూడు విడతలు. అలసిపోతే మానేయడమే. చూసేవాళ్లకు ఇది అద్దంలో చూసుకుంటూ ఖాళీగా కూర్చోవడంలా ఉంటుంది. మా ఆయన అయితే "ఏమైనా చేస్తున్నావా, లేదా?" అని అడిగేవారు.

మొహం కండరాలు తెలిసిన ఫిజియోథెరపిస్ట్ అందరూ కారు. మొదటి రోజే "గట్టిగా, ఇంకా గట్టిగా" అంటే వేరేవాళ్లను వెతకండి.

వారానికి ఒక్కసారి, ఒకే చోట, ఒకే వెలుతురులో వీడియో తీసుకోండి: మామూలు మొహం, కనుబొమలు పైకి, మెల్లగా కన్ను మూత, గట్టిగా మూత, నవ్వు, పెదవులు సున్నాలా. రోజూ చూసుకుంటే ఏ మార్పూ కనబడదు, టెన్షనే మిగులుతుంది. డాక్టర్ ఒకటి (మామూలు మొహం) నుంచి ఆరు (బొత్తిగా కదలిక లేనిది) దాకా ఇచ్చే హౌస్-బ్రాక్‌మన్ గ్రేడుకు కూడా ఈ వీడియోలే ఆధారం. నేను ఐదుతో మొదలయ్యాను.

మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి

బలహీనత ఒకటి రెండు రోజుల్లో కాకుండా వారాల తరబడి కొంచెం కొంచెంగా పెరుగుతుంటే అది బెల్స్ పాల్సీ అని సరిపెట్టుకోకూడదు. గడ్డలేమైనా ఉన్నాయా అని స్కాన్ చేయాలి. రెండు పక్కలా వస్తే, చెవి కింద గడ్డ తగిలితే, మూడు నెలలు దాటినా ఒక్క కదలికా లేకపోతే, అదే పక్క మళ్లీ మళ్లీ వస్తే, అప్పుడూ అంతే. మామూలు బెల్స్ పాల్సీకి మొదటి రోజే ఎంఆర్ఐ అవసరం లేదు. అది రాయలేదని డాక్టర్‌ని అనుమానించకండి.

రామ్‌సే హంట్ వచ్చినవాళ్లు వినికిడి పరీక్ష తప్పక చేయించుకోవాలి. నాకు కుడి చెవిలో సన్నటి శబ్దాలు వినబడటం తగ్గింది, ఆ లోపం కొంత అలాగే ఉండిపోయింది. మొదటి రెండు వారాలు తల తిరిగేది. రాత్రి లేచి నడిచేటప్పుడు లైటు వేసుకుని గోడ పట్టుకున్నాను, పడితే ఇంకో జబ్బు. పొక్కులు మానాక కూడా చెవి పోటు నెలకు పైగా ఉంటే భరించవద్దు. మామూలు నొప్పి మాత్రలకు తగ్గని ఈ నరాల నొప్పికి వేరే మందులున్నాయి.

ఏడాది దాటాక

నాలుగో నెలలో కన్ను మూతపడింది. టేపు డబ్బా అవతల పడేసిన రాత్రి నాకు గుర్తుంది. ఆరో నెలలో "మామ", "పాప" స్పష్టంగా వచ్చాయి. అదే సమయంలో కొత్తవి మొదలయ్యాయి. నవ్వితే కుడికన్ను చిన్నదయ్యేది, మెడ ముందు భాగంలో ఒక తాడు లేచేది, తింటుంటే కుడికంటి నుంచి నీళ్లు కారేవి. ఈ చివరిదాన్ని మొసలి కన్నీళ్లంటారు. లాలాజల గ్రంథికి వెళ్లాల్సిన పోగులు కన్నీటి గ్రంథికి చేరడం వల్ల వస్తుంది. బాధతో కాదని ఎదుటివాళ్లకు చెప్పుకోవాల్సి వస్తుంది, అంతే.

ఈ దశలో పనికొచ్చేది బోటాక్స్, కండరాన్ని సడలించే సూది మందు. అడ్డదిడ్డంగా బిగుసుకునే కండరాల్లో కొద్ది కొద్ది మోతాదులు వేస్తారు. మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది, మళ్లీ వేయించుకోవాలి. నేను ఏడాదికి రెండుసార్లు వేయించుకుంటున్నాను, దానితోపాటు అద్దం ముందు చిన్న నవ్వుల సాధన ఆపలేదు. కన్ను ఎంతకీ మూతపడనివాళ్లకు పై రెప్పలో చిన్న బంగారం లేదా ప్లాటినం బరువు అమరుస్తారు, దాని బరువుకు రెప్ప దిగుతుంది. కదలిక అసలు రానివాళ్లకు నరాన్నీ కండరాన్నీ మార్చి అతికే శస్త్రచికిత్సలున్నాయి. వాటికి గడువుంది. కండరం చాలాకాలం నరం లేకుండా ఉంటే చచ్చుబడిపోతుంది కనుక, ఆరేడు నెలలకూ కదలిక లేకపోతే ఆ నిపుణులను అప్పుడే కలవాలి, రెండో ఏడాదికి వాయిదా వేయకూడదు.

సర్పి టీకా గురించి కూడా అడగండి. యాభై దాటినవాళ్లకు రెండు డోసుల టీకా ఉంది, రెండు నుంచి ఆరు నెలల తేడాతో వేస్తారు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లు కూడా వేయించుకోవచ్చు, జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు మాత్రం కాదు. ఎన్నాళ్లు ఆగాలో డాక్టర్ చెబుతారు. వచ్చే ఏడాది నాకు యాభై నిండుతాయి. డైరీలో రాసి పెట్టుకున్నాను.